అరచేతిలోని సరస్వతి

బిడ్డను బడిలో చేర్పించుట తల్లిదండ్రుల పని. పాఠము చెప్పుట ఉపాధ్యాయుని పని. పరీక్ష జరుపుట ప్రభుత్వము పని. ఈ మూడును సక్రమముగా జరిగిన పిమ్మట గూడ ఒక పని మిగిలియే యుండును. పుస్తకము తెఱచి, మనస్సును దానిపై నిలిపి, తెలియనిదానిని తెలియలేదని ఒప్పుకొని, తెలియువఱకు విడువకుండుటయే ఆ పని. ఆకలిగొన్నవానికి బదులుగా మఱియొకడు భుజించిన కడుపు నిండదు గదా! అట్లే ఈ పనిని విద్యార్థికి బదులుగా మఱియెవ్వరును చేసిపెట్టజాలరు.

ఇట్టి విషయమును బోధనాశాస్త్రము చదివినవారు చర్చింపవలెను గాని, మెట్రిక్యులేషనుతో చదువు చాలించి ముప్పదియైదేండ్లు దస్త్రముల నడుమ గడపిన గుమాస్తా కేల యని కొందఱు తలపవచ్చును. నిజమే. అయినను నేనొక తండ్రిని. కొంతకాలము పిల్లలకు అక్షరములు నేర్పినవాడను. ఈ విషయమున తప్పుచేసి నష్టపోయినవాడను గూడ. తప్పుచేసినవాని సాక్ష్యమునకు న్యాయస్థానములో సైతము కొంత విలువ గలదు. కావున సాహసించి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట మన బళ్ళారి చరిత్రలోని ఒక ఘట్టమును జ్ఞప్తికి దెచ్చుకొందము. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలలో దేశీయ పాఠశాలలు ఎన్ని గలవో, వానిలో ఎందఱు చదువుచున్నారో తెలుపుడని కలెక్టర్ల నాజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన తన నివేదికను పంపెను. ఈయన 1816లోనే ఆంగ్లమున తెలుగు వ్యాకరణమును ప్రకటించిన విద్వాంసుడు. నాటి బళ్ళారి జిల్లా నేటిదానికంటె మిక్కిలి పెద్దది. ఆదవాని, రాయదుర్గము, అనంతపురము ప్రాంతములు గూడ దానిలో చేరియుండెను. క్యాంబెల్ లెక్క ప్రకారము జిల్లాలో 533 పాఠశాలలు, వానిలో 6,641 మంది విద్యార్థులు. ఆ పాఠశాలలలో 235 కన్నడమునకు, 226 తెలుగునకు చెందినవి. తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము, తమిళముల బడులు. ఇంగ్లీషు బడి ఒక్కటే. రెండు భాషలు ఒకే పంచపాళిలో ప్రక్కప్రక్కన కూర్చుండి చదువుకొన్న జిల్లా మనదని ఈ అంకెలే చాటుచున్నవి. విద్యార్థులలో బాలికలు అఱువదిమంది మాత్రమే యని గూడ అందే యున్నది; ఆ లోపమును దాచుకొన నక్కఱలేదు.

ఆ నివేదికలో నాటి బడి నడుచు తీరు కన్నులకు గట్టినట్లు వర్ణింపబడినది. ఉదయము ఆఱు గంటలకు బడి. మొట్టమొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకముగా సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవానికి సున్న, అనగా వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. ఆ పిమ్మట వచ్చినవారికి వరుసగా ఒక్కొక్క దెబ్బ హెచ్చు. పిల్లలు నేలపై ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు నేర్చుకొనుచుండిరి. చేయి తిరిగిన తరువాత తాటాకుపై గంటముతోనో, బొగ్గు పూసిన పలకపైననో, గంజిపెట్టి మడతలు పెట్టిన గుడ్డపై బొగ్గు, జిగురు పూసి చేసిన కడతముపైననో బలపముతో వ్రాయు అర్హత లభించెడిది. తరగతులు సాధారణముగా నాలుగు. పై తరగతి పిల్లలు క్రింది తరగతి పిల్లలకు చెప్పుచుండగా పంతులు అందఱిపై నొక కన్ను వేసియుండెడివాడు. ఒక తరగతినుండి పై తరగతికి పోవుట ఆ పిల్లవాని సామర్థ్యమునుబట్టి జరిగెడిది.

అరచేతిలో సరస్వతి యను మాట నన్ను చాలకాలము వెంటాడినది. ఎంత సొగసైన ఆచారము! కాని ఆలోచించిన కొలది దానిలో ఒక చిక్కు కనబడును. ఒకే గుమ్మమువద్ద మూడు ప్రేరణలు నిలిచియున్నవి: గౌరవముపై ఆశ, నలుగురిలో చిన్నతనము, బెత్తముపై భయము. ఈ మూడును పిల్లవానిని గుమ్మమువఱకు తీసికొనిరాగలవు. గుమ్మము దాటిన పిమ్మట ఇసుకలో వ్రేలు కదలింపవలసినది ఆ పిల్లవాడే. అదే నివేదికలో క్యాంబెల్ ఒక మొఱ గూడ పెట్టుకొనెను: పిల్లలు లెక్కలేనన్ని పద్యములు వల్లింతురు గాని వాని యర్థము చిలుకకు తెలిసినంతయే వారికిని తెలియునని. అనగా వేళకు బడికి వచ్చుట వేఱు, చదువు లోనికి దిగుట వేఱు. మొదటిదానిని బెత్తముతో సాధింపవచ్చును. రెండవదానికి బెత్తము చాలదు.

అయితే ఆ బడిలోనే మఱియొక ఏర్పాటు గలదు గదా, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట. దీనిని క్యాంబెల్ ఎంతయో మెచ్చుకొనెను. చెప్పుటవలన చెప్పువాని చదువే గట్టిపడునని గుర్తించి, ఇంగ్లండులో ఈ పద్ధతి ననుకరించుట తగియున్నదని వ్రాసెను. దానికి పూర్వమే మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమున ఆండ్రూ బెల్ అనునాయన మన వీథిబడిపిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన ఆశ్రమమున అమలుపఱచి, 1797లో దానినిగూర్చి పుస్తకము ప్రకటించియుండెను. ఇంగ్లండులో అది 'మద్రాసు పద్ధతి' యని పేరొందెను. ఒక పిల్లవానిని పిలిచి 'నీవు వీనికి చెప్పుము' అన్న క్షణమున వానిలో ఒక మార్పు కలుగును. తనకు వచ్చినదేదో, రానిదేదో వానికి వెంటనే తెలియును. అదివఱకు పంతులు వానిని కనిపెట్టుచుండెను. ఇపుడు వాడు తన్ను తానే కనిపెట్టుకొనుచున్నాడు. నా యెఱిగినంతలో స్వయంశిక్షణమునకు బీజ మిదియే.

ఇక నా తప్పును చెప్పెదను. నా కుమారుని చదువు విషయమున నేనే గుమ్మమువద్ద నిలిచిన పంతులనైతిని. వేకువజామున నాలుగున్నరకు లేపుట, ఎదుట కుర్చీ వేసికొని కూర్చుండుట, ఏ పుస్తకము ఎన్ని గంటలు చదువవలెనో కాగితముపై వ్రాసి గోడకు అంటించుట, తూగినపుడు చన్నీళ్ళు చల్లుట—ఇవి యన్నియు నేనే చేసితిని. ఫలితము గొప్పగానే వచ్చెను. పి.యు.సి.లో మంచి మార్కులు. బంధువులు నన్నే పొగడిరి. నేనును ఆ పొగడ్తను నాదిగానే స్వీకరించితిని. పిమ్మట వాడు దూరమున నొక పట్టణమున ఇంజనీరింగులో చేరి, హాస్టలులో నుండెను. మొదటి సంవత్సరము నాలుగు విషయములలో తప్పెను. ఇంటికి వచ్చినపుడు కోపముతో కారణమడిగితిని. వాడు తల వంచుకొని, "నాయనా, రోజూ నువ్వే లేపుతా ఉంటివి. నాకై నేను లేసేది నాకు ఎప్పుడూ అలవాటు కాలేదు" అనెను.

ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. నేను వానికి పాఠములు వచ్చునట్లు చేసితిని గాని చదువుట వచ్చునట్లు చేయలేదు. అంతకంటె పెద్ద తప్పు, వాని ప్రయత్నమును నేను నా సొత్తు చేసికొంటిని. ఇచ్చటనే నీతికి సంబంధించిన ప్రశ్న తలయెత్తుచున్నది. ఒకని మేలు కొఱకే యైనను, వాని సంకల్పమును వానిచేతినుండి లాగుకొను హక్కు మనకు గలదా? పసివాడు నిప్పువైపు ప్రాకునపుడు చేయి పట్టి లాగుట ధర్మమే. కాని పదునేడేండ్ల వాని చేయి అట్లే పట్టుకొనియుండినచో నిప్పు కాలునని వాడెన్నడు తెలిసికొనును? చేయూత ఎపుడీయవలెనో, ఎపుడు విడువవలెనో తెలిసికొనుటయే పెద్దఱికము. ఊతకఱ్ఱ కాలికి బలమిచ్చును. కాలు బాగైన పిమ్మటను విడువనిచో కాలే బలహీనపడును.

ఇంతకును స్వయంశిక్షణము నేను ఎఱుగనిదా? నా జీవితములోనే దాని పాఠము జరిగియుండెను. ఉద్యోగములో చేరిన తొలినాళ్ళలో లెక్కల నిబంధనలపై శాఖాపరమైన పరీక్షకు రెండుమార్లు కూర్చుండి రెండుమార్లును తప్పితిని. నిబంధనల పుస్తకమును నాలుగేసిమార్లు చదివియుంటిని. చదివిన ప్రతిమారును అంతయు తెలిసినట్లే యుండెను. ప్రశ్నపత్రము చూడగానే ఏమియు తోచకుండెను. రికార్డు గదిలో నొక పెద్ద గుమాస్తా ఉండెడివాడు. ఆయన నా గోడు విని, "చదివినావు సరేప్పా, బుక్కు మూసి చూసినావా?" అని అడిగెను. నాకు బోధపడలేదు. "సాయంత్రం చిట్టా రాసేసి ఇంటికి పోతామా? పెట్టె తీసి రొక్కం లెక్కబెట్టి, నిల్వ సరిపోయినంక గదా పోతాము. నువ్వు చిట్టా రాస్తా ఉన్నావు గానీ పెట్టె తీసి చూడటంలేదు" అనెను.

నాటినుండి ఒక ప్రకరణము చదివిన వెంటనే పుస్తకము మూసి, జ్ఞప్తియున్నంత తెల్లకాగితముపై వ్రాసి, పిమ్మట పుస్తకముతో సరిచూచుకొనుచుంటిని. మొదటి దినములలో నిల్వ ఎంతయో తక్కువ వచ్చెడిది. సిగ్గు వేసెడిది. కాని లోటు ఎచ్చటనో తెలిసెను గనుక మఱునాడు అచ్చటనే చదివెడివాడను. మూడవమారు ఉత్తీర్ణుడనైతిని. అమెరికాలో 2006లో రోడిగర్, కార్పికే అను ఇరువురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు విద్యార్థులపై నొక పరీక్ష జరిపిరి. కొందఱు ఒక వ్యాసమును మరల మరల చదివిరి. కొందఱు ఒకమారు చదివి, పిమ్మట చూడక జ్ఞప్తికి దెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా మరల మరల చదివినవారే మెఱుగు. వారము దినములకు పరీక్షింపగా జ్ఞప్తికి దెచ్చుకొన్నవారే మెఱుగు. ఈ సంగతిని మా రికార్డు గది పెద్దమనిషి చిట్టా భాషలో నాకు ముందే చెప్పియుండెను. బారీ జిమ్మర్మన్ అను విద్యాశాస్త్రజ్ఞుడు స్వయంశిక్షణమును మూడు దశలుగా వివరించెను: పనికి ముందు ఆలోచన, పని జరుగునపుడు తన్ను తాను కనిపెట్టుకొనుట, పని ముగిసిన పిమ్మట ఆత్మవిమర్శ. గుమాస్తా భాషలో చెప్పవలెనన్న, ఉదయము అంచనా, పగలు పద్దు, సాయంకాలము నిల్వ. ఇందు మొదటి రెండింటిని పెద్దలు పిల్లలకు ఎట్లో నేర్పుదురు. మూడవదానిని నేర్పువా రరుదు. మార్కుల పట్టికయే నిల్వ యని మనము భ్రమపడుటయే దానికి కారణము.

ఇచ్చట నొక జాగ్రత్త అవసరము. స్వయంశిక్షణ మన్న వెంటనే మనవారు ఏకలవ్యుని పేరెత్తుదురు. గురువు నిరాకరింపగా మట్టిప్రతిమను నిలుపుకొని, తన్ను తాను దిద్దుకొని విలుకాడైన మహానుభావుడు. ఆయన దీక్షకు చేయెత్తి మ్రొక్కవలసినదే. అయినను ఆ కథలో దీక్షతోపాటు అన్యాయమును గూడ చూడవలెను. గురువు ఉండవలసిన చోట మట్టిబొమ్మ యుండుట ఏకలవ్యుని కోరిక కాదు. అది అతనికి లోకము చేసిన లోటు. నేడును పగలు బడికి పోయి, సాయంకాలము ఇంటిలో జీన్సు కుట్టుపనికి చేయి కలిపి, రాత్రి తొమ్మిదికి పుస్తకము తెఱచు పిల్లలు మన బళ్ళారిలో గలరు. వారు కునికినచో పట్టుదల లేదనుట పాపము. ముందు వారికి వెలుతురు, నిద్ర, భోజనము, అడిగినచో విసుగుకొనని ఉపాధ్యాయుడు కావలెను. పట్టుదలను బోధించుట పెద్దలు తమ బాధ్యతను తప్పించుకొనుటకు సాధనము కారాదు.

మఱి పట్టుదల ఎచ్చటనుండి వచ్చును? నా దృష్టిలో అది ఆజ్ఞ వలన రాదు. అవసరము, అనురాగము కలిసినచోట పుట్టును. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న కాలమున సవరల భాష నేర్వ దలచిరి. ఆ భాషకు బడి లేదు, వాచకము లేదు, పరీక్ష లేదు. ఆ భాష తెలిసినవాని నింటనుంచుకొని, మాట మాటను వ్రాసికొని నేర్చిరి. ఏండ్ల తరబడి చేసిన ఆ కృషి ఫలితముగా 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. వారినెవ్వరును వేకువజామున లేపలేదు. అంత దూర మేల? మన బళ్ళారిలోనే ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు పగలు న్యాయవాదవృత్తి చేసికొనుచు నాటకములు వ్రాసి, సమాజములు నిలిపి, ఆడించిరి. బళ్ళారి రాఘవగారును (1880–1946) వృత్తిచే న్యాయవాదియే. పగటి పని ముగిసిన పిమ్మట పాత్రలను వల్లించుట ఏ పరీక్ష కొఱకు? దానికి మార్కులు వేసినదెవరు? ఇష్టమొకటి, తోడివారి సాంగత్యమొకటి—ఈ రెండే వారిని నడపినవి. రాఘవ కళామందిరము ముందునుండి పోవునపుడెల్ల నాకు ఈ తలంపు వచ్చును.

ఇంతవఱకు చెప్పినది ఏ యూరివారికైనను వర్తించును. బళ్ళారి తెలుగు కుటుంబములకు ప్రత్యేకముగా వర్తించునది యొకటి గలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆ రాష్ట్రమునకు పోగా, బళ్ళారి మైసూరున చేరెను. ఆ వాదముల కాలము గడచినది. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. మన పిల్లలకు బడి భాష. పొరుగువారి ప్రేమ భాష. దానియెడల మనకు కృతజ్ఞతయే గాని కొఱత లేదు. కాని మన యిండ్లలో పెక్కింట తెలుగు నోటిలో నుండి చేతిలో లేకపోయినది. దానిని నేర్చుకొననిచో ఏ పరీక్షయు తప్పదు, ఏ ఉద్యోగమును పోదు. అనగా మన పిల్లలకు తెలుగు పూర్తిగా స్వయంశిక్షణముపై ఆధారపడిన విద్య. బెత్తమును, మార్కులును రెండును పనిచేయని చోట చదువు ఎట్లు నిలుచునో చూడదలచినవారికి మన యింటి తెలుగే పరీక్షాస్థలము.

ఉద్యోగవిరమణ యైన పిమ్మట మా యింటి అరుగుపై వేసవి సెలవులలో పిల్లలకు తెలుగు అక్షరములు చెప్పనారంభించితిని. మొదటి యేడు, వచ్చినవానికి దినమునకొక పెన్సిలు, వారమునకొక నోటుపుస్తకము ఇచ్చితిని. పదునెనిమిదిమంది వచ్చిరి. అరుగు చాలలేదు. నేను మిక్కిలి సంతసించితిని. రెండవ యేడు ఖర్చు భరింపలేక బహుమానములు మానివేయగా నలుగురు మిగిలిరి. వారిలో ఇద్దఱు నా మనుమలే. పిల్లల మీద కోపము వచ్చెను. తరువాత నొక సంగతి చదివి ఆ కోపము నామీదికే మరలెను. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను శాస్త్రజ్ఞులు బొమ్మలు వేయుట యందు ఇష్టముగల పసిపిల్లలను పరీక్షించిరి. బొమ్మ వేసినచో బహుమతి యిచ్చెదమని ముందుగా చెప్పి యిచ్చిన పిల్లలు, కొన్నాళ్ళ తరువాత బహుమతి లేనపుడు, తక్కినవారిలో సగము కాలము మాత్రమే బొమ్మలు వేసిరి. చెప్పక యిచ్చినవారి ఇష్టము తగ్గలేదు. నేను పెన్సిళ్ళు పంచి తెలుగును పెన్సిలు కొఱకు చేయు కూలిపనిగా మార్చితినన్నమాట.

మూడవ యేడు పద్ధతి మార్చితిని. మొదటి దినమున 'మీకు తెలుగులో ఏది చదువవలెనని యున్నది?' అని మాత్రమే అడిగితిని. ఒకడు బస్‌స్టాండులో అనంతపురము, ఆదవాని బస్సుల బోర్డులు చదువవలెననెను. ఒకడు సినిమా పేర్లన్నాడు. ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలిక మాత్రము ఏమియు చెప్పక ఇంటికి పోయి, మఱునాడు ఒక బిస్కత్తుల డబ్బా తెచ్చెను. అందులో పాత ఉత్తరములు. రాయదుర్గమునుండి వాళ్ళ అవ్వ తన కూతురికి, అనగా ఈ పిల్ల తల్లికి, వ్రాసినవి. అవ్వ గతించినది. తల్లి కన్నడబడిలో చదివినది. ఆ యుత్తరములను నాడు పొరుగింటివారిచే చదివించుకొనెడిదట. "తాతా, ఇవి నేనే చదవాల. మీరు చదివి చెప్పొద్దు" అని ఆ బాలిక షరతు పెట్టెను.

కన్నడ లిపి తెలిసినవారికి తెలుగు లిపి అక్కచెల్లెండ్ర పోలిక వంటిది. తలకట్టు, క, త వంటి కొన్ని అక్షరములు అలవాటైన చాలును. ఆ పిల్ల వచ్చిన అక్షరములను, రాని అక్షరములను రెండు వరుసలుగా తానే పట్టిక వ్రాసికొనెను. ప్రతిదినము రానివాని వరుసనుండి వచ్చినవాని వరుసకు కొన్నింటిని మార్చుచుండెను. తానే పరీక్ష పెట్టుకొని తానే దిద్దుకొనుచుండెను. అవ్వ చేవ్రాత గొలుసుకట్టు; అచ్చు అక్షరములవలె విడివిడిగా లేదు. తెలియనిచోట నన్నడిగినది, అడిగినంతకే జవాబు కోరినది. ఇంచుమించు ఇరువది దినములకు మొదటి యుత్తరము ముగించెను. అందు వేరుసెనగకాయలు పంపిన సంగతి, వానలు లేని సంగతి, చివరకు 'పాపకు నడక వచ్చినదా' యను ప్రశ్న ఉండెను. ఆ పాప తానే. కొంతసేపు అరుగుపై నట్లే కూర్చుండి, ఉత్తరము మడిచి డబ్బాలో పెట్టి, "రేపు రెండోది" అని లేచిపోయెను.

ఆ పిల్లకు నేను చెప్పినది తక్కువ. అవసరమైనపుడు దగ్గఱ నుంటిని, అంతియే. పాఠములో ఒక పాదము గురువు వలన, ఒక పాదము తన బుద్ధి వలన, ఒక పాదము తోడివారి వలన, ఒక పాదము కాలక్రమమున వచ్చునని పెద్దలు విభాగము చేసిరి. గురువునకు పాదము మాత్రమే యిచ్చిరి; నేను నా కుమారుని విషయమున నాలుగు పాదములును నావే ననుకొంటిని. ఆ సంవత్సరము తప్పిన విషయములను వాడు తరువాత తానే చదివి, తానే గట్టెక్కెను. అపుడు నేను చేసిన సాయము, ఏమియు చేయకుండుట. అది నాకు వేకువజామున లేచుటకంటె కష్టమయ్యెను.

కావున మన కుటుంబములకు నా మనవి స్వల్పము. వారమున కొకమారు, ఆదివారము భోజనానంతరము, పిల్లవానిని మూడు ప్రశ్నలడుగుడు: ఈ వారము ఏమి నేర్చితివి? ఏది తెలియలేదు? దానికేమి చేయదలచితివి? జవాబు విని ఊరకుండుడు. తెలియలేదని చెప్పినందుకు కోపింపకుడు. నిల్వ తక్కువ వచ్చినదని నిజము చెప్పు గుమాస్తా, తప్పుడు లెక్క వ్రాయువానికంటె మేలు. పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పింపుడు. చదువుటకు కొంత చోటు, కొంత నిశ్శబ్దము ఇండు. మీరును వారి కనులయెదుట ఏదైనను చదువుడు. ఇవి మన వీథిబడులలో ఇన్నూరేండ్ల క్రిందటనే కొంతవఱకు నుండినవి. వానిలో బెత్తమును విడిచి తక్కినది గ్రహించిన చాలును.

నాటి బడిలో మొదట వచ్చినవాని అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాసెను. సాయంకాలమునకు చెమటకో, ఇసుకకో అది చెఱిగిపోయియుండును. మఱునాడు మరల ఆ పిల్లవాడు అందఱికంటె ముందు లేవవలెను. అరచేతిలోని వ్రాత ఎవరో వ్రాసినది. ఇసుకలోని వ్రాత తన వ్రేలితో తాను వ్రాసినది. ఇసుకలోనిదియు చెఱిగిపోవునదే, కాని దానిని మరల వ్రాయుటకు ఆ పిల్లవానికి మఱియొకరి చేయి అక్కఱలేదు. మన పిల్లలకు అట్టి వ్రేలు అలవడుగాక యని కోరుచు ముగించుచున్నాను.